పెంకుముక్కకి నంబరేసిన రోజులు

మొన్న సంక్రాంతికి బెంగళూరు నుంచి వచ్చిన మా మనవడు అరిసెలు తింటూ తింటూ నాకొక కొత్త మాట వడ్డించాడు. "తాతయ్యా, ఇప్పుడు పురావస్తు పరిశోధనలో ప్రజల భాగస్వామ్యం బాగా పెరిగింది తెలుసా?" అన్నాడు.

నా నోట్లో అరిసె నోట్లోనే ఉండిపోయింది. ప్రజల భాగస్వామ్యమట! అదేదో వీళ్లే కనిపెట్టినట్టు. ఒరే నాయనా, మా రోజుల్లో మా ఊరి దిబ్బ విషయంలో భాగస్వామి కానివాడంటూ ఎవడున్నాడు? తవ్వినవాడు తవ్వాడు, బండికెత్తినవాడు ఎత్తాడు, తోలినవాడు తోలాడు. ఊరంతా ఒక్కటై తాడెత్తు దిబ్బని ముప్పై ఏళ్లలో మడిచెక్క చేసి పారేశాం. ఇంతకన్నా భాగస్వామ్యం ఇంకేం కావాలి?

ఈ కాలప్పిల్లలకి పాటిమన్ను అంటే తెలీదు కాబట్టి చెబుతున్నా. వెనకటి రోజుల్లో జనం కాపురాలుండి వదిలేసిపోయిన చోటుని పాటి అంటారు. తరాల తరబడి బూడిద, పేడ, ఎముకలు, చెత్త పడి పడి అక్కడి మట్టి నల్లగా, మెత్తగా ఉంటుంది. చేలో తోలితే ఎరువు కొనక్కర్లేదు. ఎండాకాలం పనుల్లేని రోజుల్లో బళ్లు కట్టి పాటిమన్ను తోలుకోవడం మా పల్నాటిలో ఏటేటా జరిగేదే. తవ్వుతుంటే మూరెడేసి ఇటుకలు వచ్చేవి. ఎర్రపెంకులు, నల్లపెంకులు, పూసలు వచ్చేవి. ఇటుకలు నూతిగట్లకీ గొడ్ల కొట్టాలకీ పోయేవి. పూసలు ఆడపిల్లల మెడలకి ఎక్కేవి. పెంకుల్లో గుండ్రంగా ఉన్నవాటిని ఏరుకుని మేం తొక్కుడుబిళ్ల ఆడుకునేవాళ్లం.

మా పెరటి నూతిగట్టు ఇప్పటికీ ఆ ఇటుకలదే. నేను ముప్పై మూడేళ్లు సోషల్ మాస్టారుగా పనిచేశాను. బడికి పోయి శాతవాహనుల పాఠం చెప్పే ముందు రోజూ ఆ గట్టు మీదే కూర్చుని పళ్లు తోముకునేవాణ్ణి. నేను కూర్చున్నది వాళ్ల ఇటుకల మీదేనన్న సంగతి తట్టడానికి నాకు పదేళ్లు పట్టింది. అప్పటికి దిబ్బ లేదు.

మేమొక్కళ్లమే అనుకోకండి, పెద్దవాళ్లే మాకు దారి చూపించారు. అమరావతి స్తూపాన్ని అప్పట్లో దీపాలదిన్నె అనేవాళ్లు. 1797లో మెకంజీ దొర చూడటానికి వచ్చేసరికి వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు గారు అక్కడ కొత్త పట్నం కట్టిస్తున్నారు, దిబ్బలోంచి ఇటుకా రాయీ తీస్తున్నారు. ఆ దొరే 1816లో మళ్లీ వచ్చి చూస్తే దిబ్బ నడిమధ్యన చెరువు కోసం తవ్విన గొయ్యి ఉంది. శిల్పాలు చెక్కిన పలకలు పాలరాయిలా కనిపిస్తాయి గానీ అవి సున్నపురాయి. కాలిస్తే సున్నమవుతుంది. కాల్చారు కూడా. బతికినవి కొన్ని మద్రాసుకీ కొన్ని లండనుకీ చేరాయి. భట్టిప్రోలు కథ ఇంకా బాగుంటుంది. అక్కడ స్తూపం రాళ్లు పీకి వెల్లటూరు కాలవ తూముకి వేసింది పల్లెజనం కాదు, సర్కారు వారే. 1892లో రే దొర తవ్వితే మిగిలిన దాంట్లోనే ధాతువులు దాచిన రాతి కరండాలు దొరికాయి. మన గడ్డ మీద దొరికిన తొలినాటి అక్షరాల్లో వాటి మీద చెక్కినవి కొన్ని. కాలవ తూము ఇంకాస్త పెద్దది కట్టి ఉంటే ఏమయ్యేదో!

అటు జ్వాలాపురం సంగతి వింటే మా ఇటుకల పాపం చిన్నదనిపిస్తుంది. కర్నూలు సీమలో జుర్రేరు లోయలో ఉందా ఊరు. దాదాపు 74,000 ఏళ్ల కిందట సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలితే ఆ బూడిద గాల్లో ఇంత దూరం వచ్చి అక్కడ పొరగా పడింది. ఆ పొర కిందా పైనా ఆదిమానవులు చేసుకున్న రాతి పనిముట్లు దొరికాయి. ప్రపంచం నలుమూలల నుంచి శాస్త్రవేత్తలు వచ్చి గరిటెలతో తీసుకెళ్లే ఆ బూడిదని మనవాళ్లు లారీలకెత్తి గిన్నెలు తోమే పొడి కింద అమ్ముకున్నారు. మన ఇళ్లలో ఎన్ని తపేళాలు ఆ బూడిదతో మెరిశాయో దేవుడికెరుక.

అందుకని మా రోజులన్నీ బంగారమని నేను అనను. మరి గొణుగుడు దేనికంటారా? చెబుతాను.

నాగార్జునకొండ ఎలా బయటపడిందో తెలుసునా మీకు? దొరలెవరో గుర్రమెక్కి వచ్చి కనిపెట్టలేదు. సూరపరాజు వెంకటరామయ్య గారని ఒక బడిపంతులు ఆ లోయలో ఒక పాత స్తంభం చూశారు. చూసి ఊరుకోకుండా మద్రాసు సర్కారుకి తెలియజేశారు. ఆ కబురు పట్టుకుని శాసనాల శాఖలో తెలుగు సహాయకుడిగా ఉన్న సరస్వతి గారు వచ్చి చూసి, ఇది మామూలు చోటు కాదని 1926లో తేల్చారు. ఆ మరుసటేటి నుంచి లాంగ్‌హర్స్ట్ దొర తవ్వకాలు మొదలయ్యాయి. ఇక్ష్వాకుల విజయపురి, మహాచైత్యం, విహారాలు, శాసనాలు అన్నీ తరవాతి సంగతులు. ఆ పంతులు గారు స్తంభానికి వీపు ఆనించి చుట్ట కాల్చుకుని ఇంటికి పోయి ఉంటే?

నాకు పన్నెండేళ్లప్పుడు, 1958లో, మా మాస్టారు మమ్మల్ని రెండెడ్ల బళ్ల మీద ఆ లోయకి తీసుకెళ్లారు. అప్పటికి కృష్ణ మీద ఆనకట్ట కడుతున్నారు. నీళ్లొస్తే లోయంతా మునిగిపోతుంది, మునిగేలోగా తవ్వగలిగినంతా తవ్వాలని 1954 నుంచి సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో పని జరుగుతోంది. నేను రాజుల కోటలు, కిరీటాలు కనిపిస్తాయనుకుని పోయాను. చూస్తే ఏముంది? తాళ్లు కట్టి నలుచదరంగా గీసిన గుంటలు. తట్టల్లో మట్టి మోస్తున్న ఆడవాళ్లు. ఆ మట్టిని జల్లెడ పడుతున్న మనుషులు. ఒక చెట్టు కింద చాప మీద కూర్చుని ఒకాయన పెంకుముక్కల మీద సన్నకుంచెతో, సిరాతో నంబర్లు వేస్తున్నాడు. ఒక్కో పెంకుకీ ఒక్కో నంబరు! మట్టి మోసే ఒక ముసలావిడ మా మాస్టారితో, "మా ఇంటికాడ పగిలిన కుండలు శానా ఉన్నయ్ పంతులుగారూ, తెచ్చిస్తే తీసుకుంటారేమో ఈ అయ్యని కాస్త అడగండి" అంది. అందరం నవ్వాం. నంబర్లేసే ఆయన కూడా నవ్వాడు గానీ కుంచె ఆపలేదు.

తిరిగొచ్చేటప్పుడు బండిలో మా మాస్టారు నా లాగు జేబు తడిమారు. ఒక పెంకు దొరికింది. తొక్కుడుబిళ్లకి బాగుంటుందని నేనే వేసుకున్నాను. వీపు మీద ఒకటి చరిచి, బండి ఆపించి, నాతో వెనక్కి నడిపించి ఆ పెంకు ఇప్పించారు. ఆ నంబరాయన తీసుకుని, "ఏ గుంటలోది బాబూ?" అన్నాడు. నేను బిక్కమొహం వేశాను. "గుంట తెలీకపోతే దీంతో ఇంక పని లేదులే, ఆడుకో" అని నా చేతికే ఇచ్చేశాడు. మాస్టారి దెబ్బ నొప్పి ఆ సాయంత్రమే పోయింది. ఆయన ఇచ్చేసిన పెంకు మాత్రం నన్ను ఇన్నేళ్లూ నొప్పిస్తూనే ఉంది. పెంకు విలువ పెంకులో లేదు. ఏ పొరలో, దేని పక్కన, ఎంత లోతున దొరికిందన్న దాంట్లో ఉంది. ఆ వివరం నేను జేబులో వేసుకోలేదు కదా.

ఆ లోయ తరవాత నీళ్లలో కలిసిపోయింది. కొన్ని కట్టడాలు కొండ మీదికి, కొన్ని అనుపుకి ఎత్తుకెళ్లి మళ్లీ నిలబెట్టారు. ఇప్పుడు జనం లాంచీ ఎక్కి కొండకి పోతారు, మ్యూజియం ముందు ఫొటో దిగుతారు, చెట్టు నీడన పులిహోర తింటారు, దిగిపోతారు. లోపలికి వెళ్లేవాళ్లు పదిమందిలో నలుగురు. ఆ నలుగురిలో పలక కింద రాసింది చదివేవాడు ఒకడుంటే వాడికి నా దణ్ణం.

ఇక ఇప్పటి కాలానికొస్తాను. ఈనాడు ప్రతివాడి జేబులోనూ కెమెరా ఉంది, దారి చూపే మ్యాపు ఉంది. వెంకటరామయ్య గారికి ఇవేమీ లేవు. మరి ఆయన చేసిన పని ఇప్పుడు వెయ్యిమంది చెయ్యాలా వద్దా? ఏం చేస్తున్నారో చూడండి. నాలుగేళ్ల కిందట మా మండలంలో కాలవ పని జరుగుతుంటే ఒక వీరగల్లు బయటపడింది. కత్తి పట్టిన వీరుడు, పైన సూర్యచంద్రులు, కింద రెండు వరసల అక్షరాలు. ఒక కుర్రాడు ఆ రాయి మీద కాలు పెట్టి ఫొటో దిగాడు. ఏ ఊరు, ఏ కాలవగట్టు, ఎన్నో తూము అన్నీ రాసి ఫోన్లో పెట్టాడు. సాయంత్రానికి జిల్లా అంతా తెలిసిపోయింది, చెప్పవలసినవాళ్లకి తప్ప. మూడోనాటి రాత్రి గుప్తనిధుల గాళ్లు వచ్చారు. పొద్దున చూస్తే నడుమెత్తు గొయ్యి, నిమ్మకాయలు, కుంకుమ, రెండు ముక్కలైన రాయి. వీరుడు శత్రువుల చేతిలో ఒకసారి, మన చేతిలో ఒకసారి చచ్చాడు.

ఈ గుప్తనిధుల పిచ్చి మా రోజుల్లోనూ ఉండేది. అయితే అప్పుడు గునపం, ఇప్పుడు జేసీబీ. నంది పొట్టలో వజ్రాలుంటాయనీ, లింగం కింద లంకెబిందెలుంటాయనీ ఎవడు చెబుతాడో గానీ ఊరి బయట గుళ్లలో పొట్ట పగలని నంది దొరకడం కష్టమైపోయింది. ఆమధ్య, 2024లో, సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో తవ్వకాల్లో నిజంగానే ఒక కుండ నిండా నాణేలు దొరికాయి. లెక్కపెడితే 3,730. టీవీలో చూసి మా ఎదురింటాయన పరిగెత్తుకొచ్చి "మాస్టారూ, ఎన్ని కిలోల బంగారం?" అన్నాడు. సీసమండీ, అన్నీ సీసం నాణేలే అన్నాను. ఆయన మొహం చూడాలి! చరిత్రకారులకి ఆ సీసం బంగారం కన్నా ఎక్కువని చెప్పబోయాను గానీ అప్పటికే ఆయన గేటు దాటాడు.

వీరగల్లు విషయం నువ్వెందుకు చెప్పలేదూ అని మీరడగొచ్చు. చెప్పాను. రాయి బయటపడిన మర్నాడే తెల్లకాగితం మీద అర్జీ రాసుకుని ఒక ఆఫీసుకి పోయాను. అది వాళ్ల పరిధి కాదన్నారు. ఎవరి పరిధో వాళ్లు చెప్పిన ఇంకో ఆఫీసుకి పోయాను. అక్కడ కాగితం తీసుకుని బల్ల మీద పెట్టి, దాని మీద టీగ్లాసు పెట్టారు. రాయి పగిలాక మళ్లీ పోతే "మీరు ఇచ్చినట్టు రుజువేది?" అన్నారు. ముప్పై మూడేళ్లు పిల్లల హాజరు పట్టీ తప్పకుండా రాసినవాణ్ణి, ఒక రసీదు అడిగి తీసుకోవడం నాకు తెలీలేదు. రెండు ముక్కల్లో ఒకటి ఇప్పుడు కల్వర్టు కింద ఉంది. అక్షరాలున్న వైపు కిందికి పెట్టారు. నాకు తెలిసి అదొక్కటే దానికి జరిగిన మంచి, కనీసం ఎండకీ వానకీ అరగదు.

గుళ్ల సంగతి ఎత్తితే నేను రక్తపోటు మాత్ర వేసుకోవాలి. జీర్ణోద్ధరణ అంటారు. జీర్ణమైందాన్ని ఉద్ధరించమన్నారు గానీ ఉన్నదాన్ని జీర్ణం చేసుకోమనలేదు. మా పక్కూరి శివాలయంలో ముఖమంటపం స్తంభం మీద ఎనిమిది వందల ఏళ్ల నాటి శాసనం ఉండేది. ఒక పుణ్యాత్ముడు స్వామికి అఖండదీపం పెట్టి, నెయ్యికి ఇన్ని గొర్రెలని, వాటిని మేపే బోయడు ఫలానా అని రాయించాడు. చివర, ఈ ధర్మం చెడగొట్టినవాడు గంగ ఒడ్డున గోవుని చంపిన పాపాన పోతాడని శాపం. మంటపాన్ని ఇసక కొట్టే మిషను పెట్టి కడిగారు. అక్షరాలు సగం లేచిపోయాయి. మిగతా సగం మీద నీలం ఎనామిల్ రంగు పూశారు. దాని పక్కనే నల్ల గ్రానైటు పలక మీద ఇప్పటి దాతల పేర్లు, ఎవరెంతిచ్చారో బంగారు రంగు అంకెలతో! పాత దాత పేరు చెరిపి కొత్త దాత పేరు చెక్కితే, రేపు ఈ కొత్త దాతని ఎవడు ఉంచుతాడు? రంగు వేసిన కుర్రాణ్ణి మాత్రం నేనేమీ అనను. వాడు శాపం చదవలేడు కదా.

అసలు గొడవంతా అక్కడే ఉంది, చదవలేకపోవడంలో. 1974లో కాబోలు, అదే స్తంభానికి నకలు తీయడానికి ఒకాయన వచ్చాడు. ఎస్టాంపేజీ అంటారు. నన్ను నీళ్లచెంబు పట్టుకోనిచ్చాడు. ముందు మెత్తటి బ్రష్షుతో రాతిని శుభ్రంగా కడిగాడు. దళసరి కాగితం తడిపి రాతి మీద పరిచాడు. వెంట్రుకల బ్రష్షుతో ఓపిగ్గా తట్టి తట్టి అక్షరాల గుంటల్లోకి కాగితాన్ని దింపాడు. అది ఇంకా ఆరీ ఆరకుండానే నల్లసిరా అద్దిన గుడ్డ ఉండతో పైపైన అద్దాడు. నల్లకాగితం మీద తెల్లక్షరాలు ఒక్కొక్కటే తేలి వస్తుంటే, అచ్చం ముత్యాలు పేర్చినట్టు. నేను కూడబలుక్కుంటూ మొదటి వరస చదివాను. ఆయన మెచ్చుకోలేదు, తప్పు దిద్దాడు. ఆ తప్పు ఏమిటో ఇప్పటికీ గుర్తే. శకటరేఫని (ఱ) మామూలు రేఫ (ర) అనుకున్నాను.

ఇప్పుడు మనవాళ్లు శాసనం కనిపిస్తే ముగ్గుపిండి, సుద్ద, పసుపు, నూనె, ఏది చేతికందితే అది పూసేస్తారు. అక్షరం కనపడాలని ప్రేమతోనే చేస్తారు, కాదనను. కానీ నూనె రాతిలోకి ఇంకితే మళ్లీ రాదు, సుద్దతో వాళ్లకి తోచినట్టు దిద్దితే లేని అక్షరం పుడుతుంది. అంత కష్టం అక్కర్లేదు. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ ఏటవాలు ఎండ పడేటప్పుడు పోండి. లేదా చీకటి పడ్డాక టార్చిలైటు రాతి పక్కనుంచి వాల్చి పట్టండి. నీడలే అక్షరాలు చూపిస్తాయి. పక్కన ఒక బడి స్కేలు ఆనించి ఫొటో తీయండి. ఇంతే విద్య. దీనికి డిగ్రీ ఎందుకు?

వెనకటివాళ్లు ఈ పని డిగ్రీల కోసం చేశారా? కొమర్రాజు లక్ష్మణరావు గారు 1923లో పోతే, ఆయన పేర హైదరాబాదులో లక్ష్మణరాయ పరిశోధక మండలి పెట్టారు. ఆదిరాజు వీరభద్రరావు గారి లాంటి వాళ్లు ఊళ్లు తిరిగి రాళ్లు వెతికి, 1935లో "తెలంగాణా శాసనములు" అని అచ్చేశారు. నల్గొండ సీమలో బి.ఎన్. శాస్త్రి గారు ఊరూరా తిరిగి శాసనాలు సేకరించి పుస్తకాలు వేశారు. కోటిలింగాలలో వాన కురిసి వెలిస్తే గోదావరి ఒడ్డున మట్టిలోంచి నాణేలు తేలేవి. అవి అందరి కాళ్లకీ తగిలాయి, సంగనభట్ల నరహరిశర్మ గారు మాత్రం ఏరి దాచారు. వాటిని పరబ్రహ్మశాస్త్రి గారు పరిశీలిస్తే గోభద, నారన, కంవాయ, సమగోప అని అంతవరకూ ఎవరూ వినని రాజుల పేర్లు, వాళ్లతోపాటు శాతవాహనుల్లో మొదటివాడైన చిముకుడి పేరూ బయటపడ్డాయి. మా బడిలో నేను చెప్పిన పాఠం ఆ దెబ్బకి మారిపోయింది. అలా పాఠం మారినందుకు సంతోషించిన మాస్టర్లలో నేనొకణ్ణి. సిలబస్ మారిందని విసుక్కున్నవాళ్లే ఎక్కువ.

ఇదంతా చెప్పి, "ఏరీరా ఇప్పుడు అలాంటి వాళ్లు?" అన్నాను మావాడితో. పిల్లకాయ ఫోను తీశాడు. తీస్తాడని తెలుసు.

శ్రీరామోజు హరగోపాల్ గారని ఒక మాస్టారు కొత్త తెలంగాణ చరిత్ర బృందం అని పెట్టారట, అందులోని కుర్రాళ్లూ పెద్దాళ్లూ గుట్టలు పట్టుకు తిరిగి రాతి చిత్రాలు, శాసనాలు బయటపెడుతున్నారట. సరే, మాస్టారు కాబట్టి ఒప్పుకున్నాను. అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ మీద ఒక బొజ్జ విగ్రహాన్ని రాక్షసుడనుకుని కనుమ పండగనాడు రాళ్లతో కొట్టే ఆనవాయితీ ఉండేది. కొట్టేది మన బౌద్ధక్షేత్రాన్నే అని ఇంటాక్ సంస్థ వాళ్లు వెళ్లి నచ్చజెప్పి మాన్పించారు. నారాయణపేట జిల్లా ముడుమాలు నిలువురాళ్లలో కొన్నిటిని ఒకప్పుడు చేలకి అడ్డమని పీకేశారు. మిగిలినవి 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. బెంగళూరులో అయితే మిథిక్ సొసైటీ వాళ్లు వందేళ్ల కిందట రైస్ దొర పుస్తకంలో ఎక్కించిన శాసనాలు ఇప్పుడెక్కడున్నాయో వెతికి, దొరికినవాటిని కంప్యూటర్లో అన్ని వైపుల నుంచీ తిప్పి చూసుకునేలా స్కాను చేస్తున్నారట. మావాడు ఆదివారాలు వాళ్లు చెప్పిన రాళ్లు చూడటానికి పోతాడట. నాకీ సంగతి ఇంతవరకూ చెప్పలేదు వెధవ!

"అంతెందుకు తాతయ్యా, మన చందవరం తీసుకో" అన్నాడు. ప్రకాశం జిల్లాలో గుండ్లకమ్మ ఒడ్డున బౌద్ధస్తూపం ఉందే, అది. పాతికేళ్ల కిందట అక్కడి మ్యూజియంలో దొంగలు పడ్డారు. ఎత్తుకుపోయిన శిల్పాల్లో బుద్ధుణ్ణి కొలిచే భక్తుల పలక ఒకటి న్యూయార్కు వ్యాపారుల చేతుల మీదుగా ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీకి చేరింది. వాళ్లు 2005లో లక్షల డాలర్లు పోసి కొన్నారు. తరవాత, అది చందవరంలో ఉండగా తీసిన పాత ఫొటో ఒకటి బయటపడింది. ఫొటో ఉండబట్టి వాళ్లింక కాదనలేకపోయారు. 2016లో మనకి అప్పగించారు. సింగపూరులో ఉద్యోగాలు చేసుకునే మనవాళ్లు ఇద్దరు ఇండియా ప్రైడ్ ప్రాజెక్ట్ అని పెట్టి, ఇలాగే పాత ఫొటోలకీ వేలంపాటల జాబితాలకీ పొంతన చూసి దొంగ విగ్రహాలు పట్టిస్తున్నారట.

"చూశావా, ఫొటో ఏం చేసిందో" అన్నాడు.

నేను కాసేపు మాట్లాడలేదు. మా పక్కూరి శివాలయం స్తంభానికి 1974 నాటి నకలు ఎక్కడో ఒక కట్టలో ఉండే ఉంటుంది. నా దగ్గర మాత్రం ఒక్క ఫొటో లేదు. యాభై ఏళ్లు దాని పక్కనుంచే నడిచాను, రెండుసార్లు ప్రదక్షిణం చేశాను, ఒక్కసారి కూడా స్టూడియోవాణ్ణి పిలుచుకెళ్లి ఫొటో తీయించలేదు. అప్పట్లో నాలుగు రూపాయలు. కాబట్టి ఫొటోల విషయంలో నేను నోరు మూసుకుంటున్నాను. ఒక్క షరతు మీద. తీసిన ఫొటో ఊరందరికీ చూపించే ముందు చెప్పాల్సినవాళ్లకి చెప్పాలి. చోటు వివరం అందరికీ అరవకూడదు. రాయి మీద కాలు పెట్టకూడదు.

చెప్పాలన్న మాట నా చాదస్తం కాదు, చట్టంలోనే ఉంది. 1878 నాటి నిక్షేపాల చట్టం ఇంకా బతికే ఉంది. భూమిలో దాగి ఉన్న విలువైన వస్తువు పది రూపాయల పైది ఏది దొరికినా కలెక్టరుకి రాతపూర్వకంగా తెలియజేయాలి. దాస్తే జైలు. అందరూ ఈ జైలు ముక్క వినే భయపడి, దొరికింది గుట్టుగా కరిగించేస్తారు. రెండో ముక్క ఎవరూ చెప్పరు. సర్కారు తీసుకోదలిస్తే దాని లోహం విలువకి ఐదోవంతు కలిపి ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. మా రోజుల్లో మా కరణం గారికి ఈ చట్టం తెలుసు. ఆయన మాకు చెప్పలేదు, అదొక కథ, ఆయన మనవలు ఇంకా ఊళ్లోనే ఉన్నారు, వదిలేద్దాం.

పండగ వెళ్లాక మావాడు బెంగళూరు పోతూ ఒక పనికి ఒప్పించి పోయాడు. రోజూ సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా మా అరుగు మీద నలుగురు హైస్కూలు పిల్లలకి పాత తెలుగు లిపి చెబుతున్నాను. మొదటి రోజు పదకొండుమంది వచ్చారు. టిఫిన్ ఉంటుందనుకున్నారట. మిగిలిన నలుగురిలో ఒక పిల్ల గట్టిది, శకటరేఫ ఒక్కసారి చెబితే పట్టేసింది. కడప జిల్లా కలమళ్లలో ఆరో శతాబ్దం నాటి రేనాటి చోళుల శాసనం తొలి తెలుగు శాసనం అని చెబితే, "అక్కడికి బస్సుందా మాస్టారూ?" అని అడిగింది. ఎండాకాలం సెలవుల్లో తీసుకెళ్తానన్నాను. కరీంనగరం అవతల కుర్క్యాలలో బొమ్మలమ్మ గుట్ట మీద పంపకవి తమ్ముడు జినవల్లభుడు చెక్కించిన కంద పద్యాలు కూడా చూపించాలి. ఆ చుట్టుపక్కల గ్రానైటు కోసం గుట్టలు కోసేస్తున్నారు, తొందరగా పోవాలి. మా ఆవిడ మాత్రం "ముందు మోకాళ్లు చూపించుకోండి" అంటోంది.

మీ ఊళ్లో పాటిదిబ్బ మీద గానీ, చేలో రాకాసిగుళ్లనే పాతకాలం రాతి సమాధుల దగ్గర గానీ, గుడి వెనక గోడలో గానీ ఏదైనా కంటపడితే తవ్వకండి, కడగకండి, రంగు పూయకండి. స్కేలు పెట్టి ఫొటో తీయండి. తహసీల్దారుకీ, జిల్లాలో పురావస్తు శాఖ వారికీ కాగితం రాయండి. పంచాయతీలో తీర్మానం చేయించగలిగితే ఇంకా మంచిది. కాగితం ఇచ్చాక టీగ్లాసు ఎక్కడ పెడుతున్నారో చూసుకోండి. రసీదు తీసుకోవడం మాత్రం మరవకండి.